ఇద్దరూ మీ పిల్లలే: 17 ఏళ్ళ నిందితుడిని చట్టం ఎలా చూడాలి?

మాస్టారూ,

మీరు రాసింది క్లుప్తంగా ఇది. మీ దగ్గర పదో తరగతి చదివిన ఇద్దరు కుర్రాళ్ళ మధ్య ఇన్‌స్టాగ్రామ్‌లో మాటామాటా పెరిగింది. 17 ఏళ్ళవాడు రెండోవాడిని కత్తితో పొడిచాడు. గాయపడిన పిల్లవాడు మూడో రోజు ఆసుపత్రిలో చనిపోయాడు. "మైనరు కదా, మూడేళ్ళు హోంలో ఉంచి వదిలేస్తారు" అని ఊరంతా మండిపడుతోంది. మీకూ ఆ కోపం వచ్చింది. కానీ పొడిచినవాడు కూడా మీ పిల్లవాడే కాబట్టి, అలా కోపం వచ్చినందుకు నిద్ర పట్టడం లేదన్నారు. ఇలాంటి పిల్లలను న్యాయవ్యవస్థ ఎలా చూడాలని అడిగారు.

నేను 1993 నుంచి 27 ఏళ్ళు ప్రొబేషన్ అధికారిగా పనిచేశాను. నేరం చేశాడని పట్టుకున్న పిల్లవాడి ఇంటికి వెళ్ళడం, వాడు ఎవడో, ఎలా పెరిగాడో తెలుసుకోవడం, దాన్ని మొదట్లో బాలల కోర్టుకు, తర్వాత జువెనైల్ జస్టిస్ బోర్డుకు రాసి ఇవ్వడం నా పని. కాబట్టి నేను చెప్పేది గుమ్మాలు ఎక్కి దిగినవాడి మాటగా తీసుకోండి. వయసు 18 నుంచి తగ్గించకూడదనే నా అభిప్రాయం. అయితే ఇప్పుడు జరుగుతున్నది న్యాయమేనని మాత్రం నేను చెప్పలేను. అటు నేరం చేసిన పిల్లవాడికీ, ఇటు పిల్లవాడిని పోగొట్టుకున్న ఇంటికీ మనం బాకీ పడే ఉన్నాం.

ముందు ఊళ్ళో తిరుగుతున్న మాటను సరిచేస్తాను. ‘మైనరైతే మూడేళ్ళే’ అన్నది పాత చట్టం సంగతి. 2012 డిసెంబరు 16న ఢిల్లీ బస్సులో జరిగిన ఘోరంలో ఆరుగురు నిందితుల్లో ఒకడికి 18 నిండడానికి కొన్ని నెలలు తక్కువ. వాడు మూడేళ్ళు గడిపి 2015 డిసెంబరులో బయటికి వచ్చాడు. దేశం అట్టుడికిపోయింది. ఆ వారంలోనే రాజ్యసభ కొత్త చట్టాన్ని ఆమోదించింది, 2016 జనవరి 15న అది అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం కనీస శిక్ష ఏడేళ్ళు, అంతకు మించి ఉన్న నేరాలను హేయమైన నేరాలు అంటారు. 16 నిండి 18 నిండనివాడిపై అలాంటి ఆరోపణ ఉంటే బోర్డు ప్రాథమిక మదింపు చేసి, పెద్దవాడిలా విచారించడానికి పిల్లల న్యాయస్థానానికి పంపవచ్చు. హత్య ఆ కోవలోకి వస్తుంది. అక్కడ నేరం రుజువైతే 21 ఏళ్ళు వచ్చేదాకా వేరుగా భద్రతా గృహంలో ఉంచుతారు. అప్పటికి వాడిలో మార్పు వచ్చిందో లేదో చూసి, రాలేదనుకుంటే మిగిలిన శిక్షకు జైలుకు పంపుతారు. ఉరిశిక్ష గానీ, విడుదలకు ఆస్కారమే లేని యావజ్జీవం గానీ మాత్రం వేయకూడదు. అంటే మీ విద్యార్థి విషయంలో మూడేళ్ళు అన్నది ఇంకా తేలని సంగతి.

ఇక "వయసు 16కు తగ్గించాలి" అనేవాళ్ళకు నేను చెప్పేది ఒకటే. అది మనం చేసి చూసిన పని. 1986 చట్టంలో అబ్బాయిలకు 16 ఏళ్ళే, అమ్మాయిలకు 18. 2001 ఏప్రిల్‌లో తర్వాతి చట్టం అమలయ్యేదాకా 16 దాటిన కుర్రాడు దొరికితే సబ్‌జైలుకే వెళ్ళేవాడు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో సైకిల్ దొంగతనం కేసులో ఒక పిల్లవాడిని తెచ్చారు. బడి రిజిస్టరు తెప్పించి చూస్తే 16 నిండి ఆరు వారాలు. నా చేతిలో కాగితం పక్కన పెట్టి పంపించేశాను, వాడు నా పరిధిలోకి రాడు కాబట్టి. జామీను ఇచ్చే దిక్కు లేక మూడు నెలలు లోపల ఉన్నాడు. నాలుగేళ్ళకు కోర్టు ఆవరణలో మళ్ళీ కనిపించాడు, ఈసారి మెడలో గొలుసులు తెంచే ముఠాతో. "ఎక్కడ కలిశావురా వీళ్ళను" అంటే, "లోపలే కదా సార్" అన్నాడు.

ఒక్క కుర్రాడి కథతో ఏదీ రుజువు కాదని నాకు తెలుసు. కానీ 1990లలో అమెరికా రాష్ట్రాలు వేలాది పిల్లలను పెద్దల కోర్టులకు పంపాయి. ఆ ఫలితాలపై వచ్చిన అధ్యయనాలన్నిటినీ అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రాల తరఫున ఒక నిపుణుల బృందం పరిశీలించి 2007లో చెప్పింది ఇదే: అలా వెళ్ళిన పిల్లలు, బాలల వ్యవస్థలోనే ఉండిపోయిన పిల్లల కంటే ఎక్కువగా మళ్ళీ హింసకు దిగారు. ఊరి భద్రత కోసమే వయసు తగ్గించమనేవాళ్ళు ఈ సంగతిని పక్కన పెట్టకూడదు. ఢిల్లీ ఘటన తర్వాత వేసిన జస్టిస్ జె.ఎస్. వర్మ కమిటీ కూడా, అంత ఆగ్రహం మధ్యలో, 2013 జనవరిలో ఇచ్చిన నివేదికలో వయసు తగ్గించమని సిఫారసు చేయలేదు.

పిల్లలకు వేరే చట్టమన్నది ఈమధ్య ఎవరో విదేశాల నుంచి తెచ్చి పెట్టిందనే వాదన కూడా విన్నాను. మన దేశంలో మొట్టమొదటి బాలల చట్టం 1920లో మద్రాసు రాష్ట్రంలో వచ్చింది. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు అందులోవే. నూరేళ్ళు దాటింది. పిల్లల నేరాలు ఊళ్ళను ముంచెత్తుతున్నాయన్న భయం గురించి కూడా ఒక మాట. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో మైనర్లపై దేశమంతటా నమోదైన కేసులు 30,555. ఆ ఏడాది మొత్తం కేసులు 58 లక్షలకు పైనే. అంటే వందకు ఒకటి కూడా కాదు, సుమారు రెండు వందలకు ఒకటి.

అసలు లోపం ఎక్కడుందో చెబుతాను. చట్టం హేయమైన నేరాన్ని గుర్తించే కొలబద్ద పిల్లవాడి మనసు కాదు, శిక్షాస్మృతిలో రాసిన కనీస శిక్ష. దానివల్ల ఏమవుతుందో చూడండి. పాడేరు వైపు కొండల నుంచి గంజాయి మూటలు దించడానికి 16, 17 ఏళ్ళ కుర్రాళ్ళను వాడతారు. సరుకు ఎవరిదో వాళ్ళకు తెలియదు. మూట 20 కిలోలు దాటితే అది వాణిజ్య పరిమాణం, కనీస శిక్ష పదేళ్ళు, కాబట్టి హేయమైన నేరం. 19 కిలోలైతే కాదు. మధ్యలో తేడా ఒక కిలో ఆకు. అదే 2024 మేలో పుణెలో 17 ఏళ్ళ కుర్రాడు ఖరీదైన కారుతో ఇద్దరు యువ ఇంజినీర్లను గుద్ది చంపాడన్న కేసులో పెట్టిన సెక్షన్‌కు కనీస శిక్ష లేదు. వాడిని పెద్దవాడిగా విచారించాలన్న పోలీసుల అభ్యర్థనను 2025 జులైలో అక్కడి బోర్డు తోసిపుచ్చింది. కనీస శిక్ష లేని నేరం ఈ కోవలోకి రాదని సుప్రీంకోర్టు 2020 జనవరిలోనే తేల్చింది, కాబట్టి చట్టం అక్షరం అలాగే ఉంది. మీ ఊరి సంగతే తీసుకోండి. ఆ పిల్లవాడు బతికి ఉంటే ఇది హత్యాయత్నం, దానికి కనీస శిక్ష లేదు, పెద్దవాడిగా విచారణ అన్న ప్రశ్నే రాదు. కత్తి పట్టినవాడి మనసు రెండు సందర్భాల్లోనూ ఒక్కటే కదా మాస్టారూ.

నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టినవి ప్రేమ కేసులు. 17 ఏళ్ళ అబ్బాయి, 16 ఏళ్ళు నిండని అమ్మాయి కలిసి బస్సెక్కి ఏ విజయవాడకో వెళ్ళిపోతారు. నాలుగు రోజులకు దొరుకుతారు. అమ్మాయి తండ్రి ఫిర్యాదుతో పోక్సో కేసు. 2019 సవరణ తర్వాత అలాంటి కేసులో కనీస శిక్ష 20 ఏళ్ళు. అంతే, ఆ అబ్బాయి హేయమైన నేరస్థుల వరసలో నిలబడతాడు. బలవంతం చేసినవాడు, మోసం చేసినవాడు, సామూహిక అత్యాచారంలో పాల్గొన్నవాడు నిలబడే వరస కూడా అదే. 2022లో హైదరాబాద్ జూబ్లీహిల్స్ అత్యాచారం కేసులో ఐదుగురు మైనర్లలో నలుగురిని పెద్దవాళ్ళుగా విచారించాలని బోర్డు నిర్ణయించింది. అలాంటి కేసుకూ, బస్సెక్కి పారిపోయిన జంట కేసుకూ ఒకే గుమ్మం ఉండడం తప్పు. ఇక్కడ చట్టం మారాలి.

ఆ గుమ్మం దగ్గర జరిగేదే ప్రాథమిక మదింపు. ఆ నేరం చేసే మానసిక, శారీరక శక్తి వాడికి ఉందా, పర్యవసానాలు అర్థం చేసుకోగలడా, ఏ పరిస్థితుల్లో చేశాడు అన్నవి బోర్డు చూడాలి. మొదటిసారి హాజరుపరిచిన నాటి నుంచి మూడు నెలల్లో ముగించాలి. నేను చూసిన చాలా కేసుల్లో ఇది ఒక గంట మాటలు, ఒక తెలివితేటల పరీక్ష, ఒక పేజీ నివేదిక. "చంపితే జైలుకు వెళ్తావని తెలుసా?" "తెలుసు సార్." వెంటనే పర్యవసానాలు తెలిసినవాడు అని రాసేస్తారు. పదేళ్ళ పిల్లవాడిని అడిగినా తెలుసనే అంటాడు. తెలియడం వేరు. నలుగురు స్నేహితులు చుట్టూ నిలబడి ‘ఏం, భయమా’ అన్న క్షణంలో ఆ తెలివిని గుర్తుంచుకుని వెనక్కి తగ్గగలగడం వేరు. ఆవేశాన్ని పట్టి ఉంచే మెదడు ముందుభాగం ఇరవైలు దాటేదాకా ఎదుగుతూనే ఉంటుంది. తరగతి గదిలో ఏళ్ళ తరబడి పిల్లలను చూసిన మీకు ఈ సంగతి మెదడు నిపుణులు చెప్పక్కర లేదు.

గురుగ్రామ్‌లో 2017లో ఏడేళ్ళ విద్యార్థి బడిలోనే హత్యకు గురైన కేసు గుర్తుండే ఉంటుంది. మొదట పోలీసులు పట్టుకున్నది బస్సు కండక్టరును. తర్వాత సీబీఐ అదే బడిలో చదివే 16 ఏళ్ళ కుర్రాడిని అదుపులోకి తీసుకుంది. ఆ కుర్రాడి మదింపు సరిగా జరగలేదని హైకోర్టు చెప్పిన మాటను 2022 జులైలో సుప్రీంకోర్టు సమర్థించింది. ఇది సున్నితమైన పని అనీ, బోర్డులో మానసిక శాస్త్రం చదివినవాళ్ళు లేకపోతే నిపుణుల సాయం తీసుకుని తీరాలనీ చెప్పింది. మంచి తీర్పు. జిల్లాల్లో ఆ నిపుణులు ఎందరున్నారన్నదే ప్రశ్న.

ఇప్పుడు నా పని సంగతి. పిల్లవాడిని పట్టుకున్న తర్వాత 15 రోజుల్లో ప్రొబేషన్ అధికారి సాంఘిక పరిశోధన నివేదిక ఇవ్వాలి. ఇల్లు, బడి, స్నేహాలు, అలవాట్లు, చుట్టుపక్కలవాళ్ళు, అన్నీ అందులో రావాలి. నా మటుకు ఈ వ్యవస్థకు గుండెకాయ ఆ కాగితమే. ఒకసారి కిరాణా కొట్టులో దొంగతనం కేసు. ముగ్గురు నిందితుల్లో ఒకడికి 15 ఏళ్ళు, మిగతా ఇద్దరికి పాతిక పైన. పోలీసు కాగితాల్లో ముగ్గురి పేర్లూ ఒకే వరసలో ఉన్నాయి. నేను ఆ పిల్లవాడి ఇంటికి వెళ్ళి, "వీడు ఎక్కడ పడుకుంటాడమ్మా?" అని తల్లిని అడిగాను. ఆమె తల దించుకుని వీధి అరుగు చూపించింది. రెండేళ్ళ కింద ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకున్నాక వాడికి లోపల చోటు లేదు. అరుగు మీద పడుకునేవాడిని రాత్రిళ్ళు ఎవరు పిలిచినా ఇంట్లో తెలియదు. ఆ ఇద్దరు పెద్దవాళ్ళకు వాడు ఎందుకు కావలసి వచ్చాడో కొట్టు దగ్గరికి వెళ్ళాక అర్థమైంది. లోపలికి దారి ఒక్క వెంటిలేటరే, అందులోంచి దూరగల ఒళ్ళు ఆ ముగ్గురిలో వాడిదే.

పిల్లలను ఇలా నేరానికి వాడుకునే పెద్దవాళ్ళకు ఏడేళ్ళ దాకా కఠిన శిక్ష, ఐదు లక్షల దాకా జరిమానా ఈ చట్టంలోనే ఉన్నాయి. 83వ సెక్షన్. దాన్ని వాడాలని ఎన్నో నివేదికల్లో అడిగాను. కేసు పెట్టగా నేను చూసింది చాలా తక్కువ. మైనర్ల మీద కఠినంగా ఉండాలనే నాయకులు ముందు ఈ ఒక్క సెక్షన్ మీద పట్టుబట్టినా, కొండ మూటలు మోసే పిల్లలు సగానికి సగం తగ్గుతారని నా నమ్మకం.

ఆ అరుగు చూడడానికి నాకు ఒక రోజు పట్టింది. కానీ ఒక్కోసారి నా దగ్గర 60, 70 ఫైళ్ళు ఉండేవి. అన్ని ఇళ్ళకూ వెళ్ళానని అబద్ధం చెప్పను. ఫోనులో వివరాలు అడిగి రాసిన నివేదికలు ఉన్నాయి. వాటి మీద పిల్లల జీవితాలు తేలాయి. ఆ పాపంలో నాకూ భాగం ఉంది.

హోంలో గడిపే మూడేళ్ళ గురించీ చెప్పాలి. మూడేళ్ళంటే ఆ వయసులో చాలా కాలం. ఐటీఐ పూర్తి చేయవచ్చు, ఇంటర్ రాసి డిగ్రీలో చేరవచ్చు, చేసిన పని ఎదుట నిలబడి దాన్ని మోయడం నేర్చుకోవచ్చు. నేను ఎరిగిన ఒక హోంలో మాత్రం ఎనిమిదో తరగతి మానేసినవాడూ, ఇంటర్ చదివేవాడూ, మత్తుకు అలవాటుపడ్డవాడూ పొద్దుగూకులూ ఒకే టీవీ ముందు కూర్చునేవారు. కౌన్సిలర్ పోస్టు ఏళ్ళ తరబడి ఖాళీ. కుట్టు మిషన్లు గోనెసంచుల కింద ఉండేవి. అక్కడి నుంచి మారని మనిషి బయటికి వస్తే, మూడేళ్ళు తక్కువయ్యాయని అంటాం. ఆ మూడేళ్ళలో వెయ్యికి పైగా రోజులు ఉన్నాయి, వాటిలో ఒక్క రోజైనా ఎవరైనా వాడితో పని చేశారా అని అడిగేవాళ్ళు లేరు. శిక్ష పెంచమని ధర్నా చేసినవాళ్ళను చూశాను గానీ, హోంకు టీచరు కావాలని ధర్నా చేసినవాళ్ళను నా సర్వీసులో చూడలేదు.

బెయిలు సంగతి కూడా మీరు అడిగారు. పుణె కేసులో మూడు వందల మాటల వ్యాసం రాయమని బెయిలిచ్చారని అందరికీ కోపం వచ్చింది. నాకూ వచ్చింది. రక్త నమూనాలు మార్చారన్న ఆరోపణపై కన్నవాళ్ళూ, వైద్యులూ అరెస్టయ్యాక ఇంకా వచ్చింది. కానీ పిల్లలకు బెయిలే నియమం. చెడు సావాసంలో పడతాడనో, వాడికే ప్రమాదమనో, న్యాయానికి అడ్డమనో కారణం ఉంటేనే ఆపాలి. నియమం తప్పు కాదు. అది డబ్బున్న ఇంటి పిల్లవాడికి గంటల్లో దొరికి, పూచీ ఇచ్చే తండ్రి లేని పిల్లవాడికి నెలలు దొరకకపోవడం తప్పు. ఆ రెండోవాళ్ళే నా దగ్గర ఎక్కువమంది.

ఇక నేను ఆలస్యంగా నేర్చుకున్నది ఒకటి ఉంది. అది మీకు చెప్పకపోతే ఈ జవాబు రాయడం దండగ. 2011లో ఒక హత్య కేసులో బోర్డు బయట బెంచీ మీద చనిపోయిన పిల్లవాడి తల్లి కూర్చుని ఉంది. నన్ను పిలిచి, "అయ్యా, మీరు వాళ్ళింటికి రెండుసార్లు వెళ్ళారట. మా ఇంటికి ఎందుకు రాలేదు?" అంది. అమ్మా, చట్టంలో అలా లేదు అని చెప్పలేకపోయాను. చట్టంలో నిజంగానే లేదు. నేరం చేసిన పిల్లవాడు ఎలా పెరిగాడో తెలుసుకోవడానికి ఒక ఉద్యోగి ఉన్నాడు. పోయిన పిల్లవాడు ఎవడో, ఆ ఇల్లు ఇప్పుడు ఎలా ఉందో తెలుసుకోవడానికి ఎవరూ లేరు. వాయిదా ఎప్పుడో వాళ్ళకు చెప్పేవాళ్ళు లేరు. పిల్లవాడి పేరు బయటపెట్టకూడదన్నది సరైన నియమమే, 74వ సెక్షన్ కింద అది శిక్షార్హం కూడా. కానీ ఆ గోప్యత బాధితుల ఇంటికి గోడలా తగులుతుంది. వాళ్ళ కోపం శిక్ష పెంచమన్న డిమాండుగా బయటికి వస్తుంది, ఎందుకంటే వాళ్ళకు అడగడానికి మనం మరొకటి ఏదీ మిగల్చలేదు. ఆ తర్వాత నేను బాధితుల ఇళ్ళకు కూడా వెళ్ళడం మొదలుపెట్టాను. కొన్ని ఇళ్ళలో తిట్టారు. ఒక ఇంట్లో తలుపు వేసేశారు. చాలా ఇళ్ళలో మాత్రం పిల్లవాడి ఫొటో తీసి చూపించి, మధ్యాహ్నం దాకా మాట్లాడారు.

కాబట్టి మాస్టారూ, మీరు ముందు చనిపోయిన పిల్లవాడి ఇంటికి వెళ్ళండి. పరిహారం కోసం జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు చేసుకోవచ్చని చెప్పండి, రాయడంలో సాయం చేయండి. మదింపులో బోర్డు ఇచ్చే ఆదేశం అన్యాయమనిపిస్తే సెషన్స్ కోర్టుకు అప్పీలు చేసుకునే వీలుందని చెప్పండి. గురుగ్రామ్ కేసులో సుప్రీంకోర్టు దాకా వెళ్ళినది ఆ పసివాడి తండ్రే.

తర్వాత మీ బడి అడ్మిషన్ రిజిస్టరు తీసి చూడండి. వయసు తేల్చడానికి చట్టం మొదట అడిగేది బడి ధ్రువపత్రమే, అది గానీ మునిసిపాలిటీ, పంచాయతీల జనన పత్రం గానీ లేకపోతేనే ఎముకల పరీక్ష. బడిలో చేర్చే రోజు నోటికి వచ్చిన జూన్ తేదీ వేయించుకున్న పిల్లలు మన ఊళ్ళలో ఎందరో మీకు తెలుసు. 1994లో పుణెలో జరిగిన హత్యల కేసులో ఉరిశిక్ష పడిన ఒక మనిషి, నేరం నాటికి తనకు 12 ఏళ్ళ ఆరు నెలలేనని బడి రికార్డుతో తేలి, 2023 మార్చిలో సుప్రీంకోర్టు ఆదేశంతో విడుదలయ్యాడు. 28 ఏళ్ళు జైల్లో గడిపాక. రిజిస్టరులో ఉన్నది ఉన్నట్టు ఇవ్వండి. ఎవరి ఒత్తిడికీ, వాడి మేలు కోరేవాళ్ళ ఒత్తిడికి కూడా, లొంగి ఒక్క అంకె దిద్దకండి.

ఆ తర్వాత ప్రొబేషన్ అధికారి మీ దగ్గరికి వస్తారు. రాకపోతే మీరే వెళ్ళండి. "మంచి విద్యార్థి, మంచి నడవడిక" అని రెండు ముక్కల్లో రాసి ఇవ్వవద్దు. అలాంటి కాగితాలు నేను వందలు చూశాను, ఒక్కటీ పనికిరాలేదు. వాడికి కోపం ఎప్పుడు వచ్చేదో, వచ్చాక ఏం చేసేవాడో, క్లాసులో ఎవరి పక్కన కూర్చునేవాడో, ఎవరి మాట వినేవాడో, ఇంటి నుంచి ఎవరైనా ఎప్పుడైనా బడికి వచ్చారో, ఇంతకుముందు ఎవరినైనా కొట్టి ఉంటే అది కూడా రాయండి. వాడికి అనుకూలమైనదీ, వ్యతిరేకమైనదీ అంతా రాయండి. చనిపోయిన పిల్లవాడి గురించి ఒక పేజీ విడిగా రాసి, దాన్ని కూడా బోర్డు ముందు ఉంచమని అడగండి. తీసుకోవాలన్న నియమం లేదు. కానీ నేను పనిచేసిన బోర్డుల్లో సభ్యులుగా ఉన్న సామాజిక కార్యకర్తలు అలాంటి కాగితాన్ని వెనక్కి నెట్టగా నేను చూడలేదు.